గెలిచినవాళ్ళకి రెండు పందులు

నుకులేలే
మార్చి 4, 1996

తాలోఫా తమ్ముడూ,

ఈ ఉత్తరం నీ చేతికిచ్చినవాణ్ణి ఒకసారి తలెత్తి చూడు. గుర్తుపట్టలేదు కదూ? నీ మేనల్లుడు ఫిలెమోనిరా! నువ్వు పోయినసారి వచ్చినప్పుడు నీ నడుం దాకా ఉండేవాడు. ఇప్పుడు మా గుమ్మం దాటాలంటే తల వంచి రావాలి. ఇరవై నిండాయి. ఇక్కడ అందరం మోని అంటాం, నువ్వూ అలాగే పిలువు. మీ బావ ఓడ ఎక్కడో జర్మనీ వైపు ఉందట, ఏడాది దాకా రాడు. అందాకా వీడు నీ దగ్గరే ఉంటాడు.

ఊరికే పంపడం లేదులే. పోయిన వారం పెద్దల సభలో నీ జట్టు సంగతి వచ్చింది. ఫాలేసా తాత లేచి నిలబడ్డాడు. ఆయన లేచాడంటే మంచి మాట కాదని నీకు తెలుసు.

"కిటియోనా ఆ ఫుట్‌బాల్ జట్టు పెట్టి పదకొండేళ్ళయింది. ఏటేటా ఊరు చొక్కాలు కుట్టించి పంపుతోంది, బూట్లు కొనిస్తోంది. ఒక్క గెలుపు లేదు. రాజధాని ఫునాఫుటిలో మన నుకులేలే దీవి పేరు చెబితే పిల్లలు కూడా నవ్వుతున్నారట. ఈ ఏడు ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవమనండి, జట్టు ఉంటుంది. లేదా, ఆ చొక్కాలు మడతపెట్టి ఓడలో వెనక్కి పంపెయ్యమనండి. అక్కడున్న మన కుర్రాళ్ళు నియుటావో దీవి వాళ్ళ జట్టులో చేరి ఆడుకుంటారు" అన్నాడు.

నీ అక్కనై ఉండి నేనూ నోరెత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తను? నాలుగు డ్రాలు తప్ప చెప్పుకోవడానికి ఏముందిరా నీ దగ్గర?

అందుకే మోనిని పంపుతున్నాను. వీడు జీవితంలో ఎప్పుడూ బూట్లు వేసుకుని ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. కానీ మన ఆనో ఆటలో, మొగలాకులు అల్లిన ఆ బరువైన బంతిని అవతలి వరస నుంచి ఎంత గట్టిగా కొట్టినా వీడి చేతిలోంచి జారగా ఈ ఊళ్ళో చూసినవాళ్ళు లేరు. గోల్లో నిలబెట్టి చూడు. కన్నతల్లిని కాబట్టి చెబుతున్నాననుకోకు. పనికిరాకపోతే వంటింట్లో పెట్టు, చేపలు బాగా తోముతాడు.

తోఫా,
అక్క సునేమా

*

ఫునాఫుటి
ఏప్రిల్ 15

తాలోఫా అక్కా,

ఫాలేసా తాత అన్న మాట చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పదకొండేళ్ళక్కా! రేవులో పొద్దంతా సరుకు దింపించి, సాయంత్రం విమానాల బాట మీద ఈ మందని పరిగెత్తించి, సైరన్ మోగగానే పక్కకి తోలి, విమానం దిగాక మళ్ళీ పరిగెత్తించి నేను పెంచుకున్న జట్టిది. ఆ చొక్కాలు మడతపెట్టమంటే నా చేతులు రావు. పోనీలే, నీతో మొత్తుకుని లాభం లేదు.

అసలు సంగతికొస్తాను. మూడు మ్యాచ్‌లు ఆడాం. మూడూ ఓడిపోయాం. అయినా ఈ ఉత్తరం ఏడుస్తూ రాయడం లేదు, ఎందుకంటే నీ కొడుకుని చూశాను.

మొదటిరోజు వాడికి బూట్లిస్తే తొడుక్కుని నాలుగడుగులు వేసి, విప్పి, రెండూ కలిపి కట్టి నా ఒళ్ళో పెట్టాడు. "మామయ్యా, ఇవి నువ్వే దాచుకో. నేల తెలియడం లేదు" అన్నాడు. గోల్‌కీపర్ అన్నవాడు బంతిని గుద్దుతాడు, తోస్తాడు, పడిపోతాడు. వీడు అవేమీ చెయ్యడు. బంతి వస్తుంది, వీడు అప్పటికే అక్కడ ఉంటాడు, రెండు చేతుల్తో పట్టుకుంటాడు, అంతే. మొన్న నానుమెయా జట్టులో పొడుగాటి కుర్రాడు ఆరడుగుల దూరం నుంచి బలంకొద్దీ తన్నాడు. మోని పట్టుకుని, ఆ కుర్రాడి వైపు చూసి, "కాలు నొప్పెట్టిందా?" అని అడిగాడు. వెటకారం కాదక్కా, నిజంగానే అడిగాడు! మైదానం మైదానమంతా గొల్లుమంది.

ఇదివరకు ఆరూ ఏడూ గోల్స్ తినేవాళ్ళం. ఇప్పుడు ఒకటి, రెండు. ఇబ్బందల్లా మనం ఒక్కటీ వెయ్యలేకపోవడం. ముందు వరసలో ఆడేది ఆస్పత్రిలో నేల తుడిచే కైసామి, వాడికి ముప్పై ఎనిమిదేళ్ళు. వాడు పరిగెత్తుతుంటే నాకే ఆయాసం వస్తుంది.

ఇంకో మాట. ఇక్కడ ఉంటున్న వైటుపు దీవి వాళ్ళు అప్పుడే మోని మీద కన్నేశారు. వాళ్ళ పెద్దమనిషి మోలూ నన్ను రేవులో పట్టుకుని, "మీ జట్టు పోతే ఆ పిల్లాణ్ణి మాకివ్వవయ్యా" అన్నాడు, కొట్లో చక్కెర అడిగినట్టు. నేను మాట్లాడకుండా వచ్చేశాను. మే నెలాఖరుకి వాళ్ళతోనే మన మ్యాచ్. రేడియోలో వేస్తారట, వినండి.

నీ తమ్ముడు
కిటియోనా

*

నుకులేలే
మే 28

తాలోఫా! తాలోఫా! తాలోఫా!

ఒరేయ్ కిటియోనా, నిన్ను కన్న అమ్మ ఉండి ఉంటే ఇవాళ నెత్తిన పూలదండ పెట్టుకుని రేవు దాకా ఆడుకుంటూ వచ్చేది!

ఎలా విన్నామో చెబుతాను. గాలివానకి ఆఫీసు వైర్‌లెస్ స్తంభం కూలిపోయి నెల్లాళ్ళయింది, ఇంకా లేపలేదు. సభా గృహంలో రేడియో ఒక్కటే దిక్కు. శనివారం ఊరు ఊరంతా దాని చుట్టూ చాపలు పరుచుకుని కూర్చుంది. పసిపిల్లలు ఏడిస్తే తల్లులు బయటికి పోవాల్సిందే, అంత నిశ్శబ్దం. మొదటి సగంలో ఏమీ లేదు. రెండో సగం మొదలవగానే కైసామి గోలు! నీ ముసలి కైసామి! ఫాలేసా తాత లేవబోయి, లేవలేక, పక్కవాడి భుజం మీద దబదబా బాదాడు.

ఆ తర్వాత అంతా మోనియే. రేడియో ఆయన మోని పేరు ఎన్నిసార్లు అన్నాడో లెక్క పెట్టలేదు. "మళ్ళీ ఫిలెమోని! ఈ గోడని వైటుపు ఈ పూట దాటలేదు" అన్నాడు. ఇంకా పది నిమిషాలుందనగా గొంతు సన్నబడింది, గరగరమంది, ఆగిపోయింది. బ్యాటరీలు అయిపోయాయి. కొట్లో అయిపోయి మూడు వారాలైంది.

అప్పుడు ఫాలేసా తాతే అన్నాడు, "గోడని దాటలేరని వాడే చెప్పాడు కదా. పది నిమిషాల్లో ఏం దాటతారు? మనం గెలిచాం" అని. అంతేరా, కేకలు! ఈ ఊళ్ళో అలాంటి రోజు నేను చూడలేదు. ఆ సాయంత్రం ఏడు పందులు కోశారు. ఊరి రెండు పక్కలవాళ్ళూ ఎదురెదురు వరసల్లో కూర్చుని పోటీలుపడి పాడారు. జట్టు ఉంటుందని సభ ఒక్క మాట మీద తీర్మానం చేసేసింది. ఆదివారం గుడిలో పాస్టరు గారు దావీదు కథ చెబుతూ మోని పేరు కలిపేశారు.

ఫిజీలోని సువా నుంచి వచ్చే ఓడ ఇవాళ ఇక్కడ ఆగుతుంది, రేపటికి నీ దగ్గర ఉంటుంది. అందులో ఊరు పంపినవి: బతికున్న పందులు రెండు, పులాకా దుంపలు ఆరు బుట్టలు, ఎండిన ఎగిరే చేపలు, కల్లు పాకం పన్నెండు సీసాలు, చాపలు. సభలో ఫాలేసా తాత స్వయంగా చెప్పి రాయించిన మాట ఇది: "ఇవి గెలిచినవాళ్ళకి."

వాడికి నేను వేరే ఉత్తరం రాయడం లేదు, ఓడ వచ్చే వేళైంది. ఇదే చూపించు.

అక్క

*

ఫునాఫుటి
మే 30

గౌరవనీయురాలైన అక్కకి,

మీరు పంపిన సరుకులన్నీ నిన్న క్షేమంగా అందాయి. పందులు రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. బుట్టలు తడవలేదు. సీసాల్లో ఒకటి మాత్రం పగిలింది. జట్టు తరఫున పెద్దలందరికీ కృతజ్ఞతలు తెలియజేయగలరు.

మోని బాగున్నాడు, వేళకి తింటున్నాడు. ఇక్కడ వానలు ఒక మాదిరిగా ఉన్నాయి. జూలైలో నానుమెయా వాళ్ళతో చివరి మ్యాచ్ ఉంది, దానికోసం బాగా సాధన చేస్తున్నాం.

రేడియో బ్యాటరీల గురించి తొందరపడనక్కర్లేదు. వచ్చే నెల ఓడలో నేనే పంపుతాను.

కిటియోనా

*

ఫునాఫుటి
జూన్ 2

అక్కా,

ఈ కవరులో రెండు ఉత్తరాలున్నాయి. మొదటిది చదివి, వీడు నన్ను "మీరు" అంటున్నాడేమిటి, వానల గురించి రాస్తున్నాడేమిటి అని నువ్వు అనుకునే ఉంటావు. అది చింపేద్దామనుకున్నాను. చింపొద్దు మామయ్యా, రెండూ పంపు అన్నాడు నీ కొడుకు.

మేం గెలవలేదక్కా. మీ రేడియో ఆగిన రెండు నిమిషాలకి మన కుర్రాడి కాలికి తగిలి బంతి మన గోల్లోకే పోయింది. చివరి విజిల్‌కి ముందు కార్నర్ నుంచి ఇంకోటి వేశారు. రెండు–ఒకటి. ఓడిపోయాం.

నీ ఉత్తరం రేవులో నిలబడి చదువుకున్నాను. ఏడు పందులు, పాటలు, తీర్మానం... జట్టు ఉంటుందని సభ తీర్మానం చేసేసింది అన్న ముక్క దగ్గర కళ్ళు ఆగిపోయాయి. దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. ఇక్కడే పుట్టింది దురాశ. అక్కడ వైర్‌లెస్ లేదు, రేడియో లేదు. వాళ్ళకి తెలిసే లోపు జూలైలో ఒకటి గెలిచేస్తే ఎవరికి నష్టం, అనుకున్నాను. కుర్రాళ్ళతో "ఊరివాళ్ళు ప్రేమగా పంపార్రా, శనివారం వండుకుందాం" అన్నాను. ఎందుకు పంపారో చెప్పలేదు. ఆ మొదటి ఉత్తరం రాసి సంతకం పెట్టి తలగడ కింద పెట్టుకున్నాను.

శనివారం పొద్దున్న మోని వచ్చి, "అమ్మ నాకేం రాయలేదా?" అన్నాడు. లేదన్నాను. "నీకు రాసింది ఇవ్వు మరి, అమ్మ రాత చూస్తాను" అన్నాడు. ఏదో సాకు చెప్పాను. వాడు వాదించలేదు. నా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలుసా? నేను చాయ్ పెట్టుకున్నాను, తాగాను, కప్పు కడిగాను. వాడు ఇంకా కూర్చునే ఉన్నాడు. ఇచ్చేశాను.

చదివాడు. మడిచాడు. "మామయ్యా, ఇది మనది కాదుగా" అన్నాడు.

నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. "నీకేంరా, జట్టు పోతే వైటుపు వాళ్ళు నిన్ను నెత్తిన పెట్టుకుంటారు! నా పదకొండేళ్ళు గంగపాలు!" అన్నాను. వాడు తల వంచుకుని అంతా విని, "నువ్వు చెప్పింది నిజమే. కానీ గెలిచినవాళ్ళకి అని రాశారు మామయ్యా. తాత మాట" అన్నాడు. కుర్రాళ్ళని పిలిచి జరిగింది చెప్పేశాను.

మధ్యాహ్నం పదకొండుమందీ మన పసుపుపచ్చ చొక్కాలు వేసుకున్నారు. పందుల్ని వాసాలకి కట్టి నలుగురు భుజాన వేసుకున్నారు, మిగతావాళ్ళు బుట్టలు. ఊళ్ళో ఉన్నది ఒకటే రోడ్డు, ఆ రోడ్డంతా జనం. వైటుపు వాళ్ళ సభా గృహం దాకా అలా నడిచారు. నేను వెనకాల చాపలు మోసుకుంటూ వెళ్ళాను, దొంగలా.

వాళ్ళు మొదట తగాదాకి వచ్చామనుకున్నారు. మోని అన్నీ వాళ్ళ గుమ్మం ముందు దింపించి, నేల మీద కూర్చుని చెప్పాడు: "మా ఊళ్ళో రేడియో మధ్యలో ఆగిపోయింది. మేం గెలిచామనుకుని పెద్దలు ఇవి పంపారు. గెలిచినవాళ్ళకి అన్నారు. గెలిచింది మీరు. తీసుకోండి."

వాళ్ళలో ఎవరో కుర్రాడు అన్నాడు, "ఆ రేడియో ఏదో మాకూ ఒకటి ఇప్పించండయ్యా, ఏడాదంతా గెలుస్తాం!" అని. అందరూ విరగబడి నవ్వారు. మన కైసామి కూడా నవ్వాడు. మోలూ ఒక్కడే నవ్వలేదు. ఆయన కిందికి దిగొచ్చి, మోని ఎదురుగా తనూ నేల మీద కూర్చుని, వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. అప్పుడు నవ్వులు ఆగిపోయాయి. అక్కడే పొయ్యిలు పెట్టి మమ్మల్నీ కూర్చోబెట్టుకుని తినిపించారు, ఎంత చెప్పినా వదల్లేదు.

అక్కా, నేను వాడి ముందు సిగ్గుపడ్డాను, గర్వపడ్డాను, రెండూ ఒకేసారి. ఇరవై ఏళ్ళవాడికి ఇంత గుండె ఎక్కడిది? నువ్వెలా పెంచావే వీణ్ణి?

ఇప్పుడు ఇది సభలో చదవాలి. జట్టు పోతుందని తెలిసే రాస్తున్నాను. చొక్కాలు ఉతికించి ఉంచాను.

నీ తమ్ముడు

*

నుకులేలే
జూన్ 24

కిటియోనా,

రెండూ చదివాను. మొదటిది చదివి నవ్వాను, రెండోది చదివి ఏడ్చాను. నువ్వు నన్ను "గౌరవనీయురాలా" అంటే ఏదో కొంప మునిగిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

సభలో నేనే చదివాను. రెండు ఉత్తరాలూ, పొల్లు పోకుండా. వానల ముక్క కూడా. చదవడం అయ్యాక గొడవ మొదలైంది. తినేసిన ఏడు పందుల సంగతేమిటని ఒకరు. గెలవని జట్టుకి తీర్మానమేమిటి, కొట్టెయ్యండని ఇంకొకరు. కిటియోనా అబద్ధాలకోరని మూడోవాడు. ఆ మూడోవాడు మన చిన్నాన్నే.

నేను కూర్చోలేదు, అలాగే నిలబడి ఉన్నాను. నీకు ఇప్పటిదాకా చెప్పని మాట ఒకటి అక్కడ అందరి ముందూ చెప్పేశాను. నీకూ చెబుతాను, విను. ఆ రోజు రేడియో ఆగినప్పుడు నా ఒళ్ళో టార్చి ఉంది. దాన్లో రెండు కొత్త బ్యాటరీలున్నాయి. తీసి ఇస్తే అర నిమిషం పని. నా చెయ్యి దాని మీదే ఉందిరా, తియ్యలేదు. ఆ పది నిమిషాల్లో ఏమవుతుందోనని భయమేసింది. వినకపోతే ఓడిపోనట్టే కదా అనిపించింది. పక్కన అంతా ఎగురుతుంటే నేనూ ఎగిరాను, నీకు మూడు తాలోఫాలు రాశాను. నువ్వు ఒక్కడివే దొంగవి కాదు. నా కొడుకుని నేనెలా పెంచానని అడిగావు. నేను పెంచింది ఇలా, వాడు పెరిగింది అలా. నాకేం తెలుసు?

ఇంక చూడు, ఆడవాళ్ళంతా నా మీద పడ్డారు. ఫాలేసా తాత కర్రతో నేల మీద కొట్టాడు.

"ఒక గెలుపు కావాలని అడిగింది నేను" అన్నాడు. "ఎందుకడిగాను? ఏటా ఓడిపోయి ఊరి పరువు తీస్తున్నారని. ఇప్పుడు చెప్పండి. ఆ పిల్లలు మన చొక్కాలేసుకుని పందుల్ని మోసుకుంటూ ఆ రోడ్డున నడిచారే, ఆ రోజు మన పరువు పోయిందా?"

ఆయన ఎదురుచూశాడు. చిన్నాన్న వైపు కూడా చూశాడు.

"పోలేదా? అయితే జట్టు ఉంటుంది. ఇంక లేవండి, ఎండెక్కింది."

అలా అయిపోయింది తమ్ముడూ! నేను గుడి వెనక్కి పోయి కడుపారా ఏడ్చుకున్నాను. నాకు పడ్డ శిక్ష, సభా గృహానికి పన్నెండు చాపలు అల్లాలి. వేళ్ళు కోసుకుపోయినా హాయిగా అల్లుతున్నాను. నీ శిక్ష, చివరి మ్యాచ్ అయ్యాక ఓడెక్కి ఇక్కడికొచ్చి సభలో నిలబడి నీ నోటితో నువ్వు చెప్పుకోవాలి.

ఇంకొక మాట. జూలై మ్యాచ్ సంగతి రాసేటప్పుడు స్కోరు మొదటి ముక్కలోనే రాయి. వానల గురించి రాశావంటే మాత్రం ఊరుకోను.

అక్క

*

ఫునాఫుటి
జూలై 14

అక్కా,

నాలుగు–సున్నా. ఓడిపోయాం.

మనవైపు కూర్చునేవాళ్ళు ఎప్పుడూ ముప్పై మందికి మించరు. నిన్న నేను కుర్రాళ్ళని తీసుకుని మైదానానికి వచ్చేసరికి మనవైపు చోటు లేదు. వైటుపు వాళ్ళు పెళ్ళాం బిడ్డలతో వచ్చి కూర్చున్నారు. పెట్టెలు తిరగేసి వాయిస్తూ తొంభై నిమిషాలూ మనకోసం పాడారు. మన పాటలే, ఎక్కడ నేర్చుకున్నారో! మోలూ నా పక్కనే కూర్చుని నానుమెయా వాళ్ళని నాకంటే ఎక్కువగా తిట్టాడు.

ఆటకి ముందు ఆయన మోనిని మళ్ళీ అడిగాడు, వచ్చే ఏడు మా దగ్గరికి రారాదా అని. మీ వాడు మర్యాదగా చేతులు కట్టుకుని, "మీ జట్టులో నాకు పనేముంటుంది మామా? బంతి మా గోలు దగ్గరికే కదా ఎక్కువ వస్తుంది" అన్నాడు. మోలూ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

వాడు ఎన్ని ఆపాడో రాస్తే నమ్మవు. నానుమెయా వాళ్ళే ఒకసారి చప్పట్లు కొట్టారు. ఆపలేనివి నాలుగు. నాకైతే అక్కా, పదకొండేళ్ళలో మొదటిసారి, ఓడిపోతున్నా హాయిగా కూర్చుని నా జట్టుని కళ్ళారా చూసుకున్నాను.

నాలుగోది పడగానే రిఫరీ చివరి విజిల్ ఊదేశాడు. వైటుపు వాళ్ళ పాటల హోరులో ఆ విజిల్ మోనికి వినబడలేదు. జనం మైదానంలోకి వచ్చేస్తున్నారు. మోని వల్లోంచి బంతి తీసి, చొక్కాకి తుడిచి, మధ్యలోకి విసిరి, మళ్ళీ గోల్లో నిలబడి మోకాళ్ళు వంచి రెండు చేతులూ చాచాడు. ఆట అయిపోయిందని వాడికి నేను వెళ్ళి చెప్పాల్సి వచ్చింది.

నీ తమ్ముడు
కిటియోనా